థ్రిల్లర్ తొలి సన్నివేశంలో కెమెరా షాట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కృష్ణానగర్ గదుల్లో కథలు రాసుకుంటున్నవారు, ఫిల్మ్ స్కూళ్లలో చదువుతున్నవారు, సెలవు రోజుల్లో స్నేహితులతో కలిసి షార్ట్ ఫిల్మ్ తీస్తున్న ఉద్యోగులు థ్రిల్లర్ ఓపెనింగ్ గురించి అడిగే సందేహాలు దాదాపు ఒక్కచోటే తిరుగుతుంటాయి. వాటిని కథ, షాట్ డివిజన్ (సన్నివేశాన్ని షాట్లుగా విడదీయడం), షూటింగ్, ఎడిటింగ్ అనే పని వరుసలో ఇక్కడ కూర్చాము. ప్రతి జవాబునూ విడిగా చదువుకోవచ్చు.

## కథ కాగితం మీద ఉన్నప్పుడు

ఉత్కంఠ, ఉలికిపాటు రెండూ ఒకటే కదా?

కావు. తెలియని విషయం హఠాత్తుగా మీద పడితే ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. తెలిసిన ప్రమాదం ఇంకా జరగకుండా ఆగి ఉంటే ఉత్కంఠకు లోనవుతాడు. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా త్రుఫోతో జరిపిన సుదీర్ఘ సంభాషణలో దీనికి బల్ల కింది బాంబును ఉదాహరణగా చెప్పాడు. ఇద్దరు మాట్లాడుకుంటుండగా బాంబు చెప్పాపెట్టకుండా పేలితే ప్రేక్షకుడికి దక్కేది 15 సెకన్ల అదురు. అదే బాంబును ముందుగా చూపించి, ఆ సంగతి తెలియని ఇద్దరిని తీరికగా మాట్లాడుకోనిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. బల్ల కింది షాట్ ఉందా లేదా, ఉంటే సంభాషణకు ముందు ఉందా తరువాత ఉందా అన్న ఒక్క నిర్ణయంతో సన్నివేశం స్వభావమే మారిపోతుందన్నమాట. మాటలు, నటన, లైటింగ్ అన్నీ యథాతథంగా ఉన్నా సరే.

మొదటి సీన్లోనే ప్రమాదం సంగతి చెప్పేస్తే ఇక చూడటానికి ఏం మిగులుతుంది?

ఎప్పుడు, ఎవరికి, ఎలా అన్న మూడు ప్రశ్నలు మిగులుతాయి, అవి చాలు. ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' మొదటి ఫ్రేమ్‌లో ఒక చేయి టైమ్ బాంబుకు వేళ పెడుతుంది. ఆ మనిషి దానిని ఒక కారు డిక్కీలో పెట్టి పారిపోతాడు. కారు యజమాని, అతడితో ఉన్న యువతి వచ్చి కారెక్కుతారు. అక్కడి నుంచి మూడు నిమిషాలకు పైగా కట్ లేకుండా కెమెరా సరిహద్దు పట్టణపు వీధుల్లో సాగుతుంది. కారు ఫ్రేమ్‌లోంచి వెళ్లిపోతుంది, మళ్లీ వస్తుంది, జనం అడ్డం వస్తే ఆగుతుంది, నడిచి వెళుతున్న మరో జంట పక్కనే నిలబడుతుంది. బాంబు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో మనకు తెలియదు, అయినా చూపు తిప్పుకోలేము.

ఏది చెప్పాలి, ఏది దాచాలి అన్న సందేహం వచ్చినప్పుడు ప్రమాదాన్ని చెప్పి కారణాన్ని దాచడం చాలా కథలకు సరిపోతుంది. కొత్తవారు తరచుగా దీనికి వ్యతిరేకంగా చేస్తారు: ప్రమాదాన్ని గుట్టుగా ఉంచి, పగకు కారణమైన పాత కథను వాయిస్ ఓవర్‌లో చెప్పేస్తారు.

సినిమా హత్యతోనే మొదలవ్వాలా?

అవసరం లేదు. ప్రతి హత్యా ఉత్కంఠను పుట్టించదు. ఎవరో తెలియని మనిషి చనిపోతే ప్రేక్షకుడు సమాచారంగా స్వీకరించి ముందుకు వెళతాడు. ఆ మనిషి తలుపు తాళం వేశాడో లేదో గుర్తురాక మెట్ల మధ్యలో ఆగిపోవడం చూశాక చనిపోతే అది వేరు. చంపడానికి ముందు అరనిమిషమైనా అతడిని మనిషిగా చూపించే షాట్ ఒకటి ఉండాలి.

స్క్రిప్టులోనే షాట్లు రాయాలా?

లెన్సుల వివరాలు వద్దు. అయితే ప్రేక్షకుడు దేనిని ముందు చూస్తాడు, దేనిని తరువాత చూస్తాడు అన్న క్రమం స్క్రిప్టులోనే ఉండాలి. ఒక్కో షాట్‌కు ఒక్కో వాక్యం, ఒక్కో వాక్యానికి ఒక్కో పంక్తి కేటాయించి రాస్తే కెమెరామెన్‌కు విడిగా వివరించాల్సిన పని సగం తగ్గుతుంది.

## షాట్ డివిజన్ చేసేటప్పుడు

వైడ్ షాట్‌తో మొదలుపెట్టాలా, క్లోజప్‌తోనా?

వైడ్ షాట్ ప్రేక్షకుడికి స్థలాన్ని ఇస్తుంది, క్లోజప్ ప్రశ్నను ఇస్తుంది. మీ కథకు ముందుగా ఏది కావాలో దానిని బట్టి ఎంచుకోవాలి. రెండు దారులూ హిచ్‌కాక్ దగ్గరే దొరుకుతాయి. 1960 నాటి 'సైకో' ఫీనిక్స్ నగరం మీద పాన్ చేస్తూ, అంటే కెమెరాను పక్కకు తిప్పుతూ మొదలవుతుంది. నగరం పేరు, తేదీ, మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలన్న వేళ తెర మీద పడతాయి. ఆ తరువాత కెమెరా అన్ని కిటికీల్లోంచి ఒక్క కిటికీని ఎంచుకుని లోపలికి చొరబడుతుంది. వేళను అంత కచ్చితంగా చెప్పడంలోనే ఏదో నేరం నమోదవుతున్న ధ్వని ఉంది. చాటుగా చూస్తున్నామన్న ఇబ్బంది కూడా ప్రేక్షకుడికి అక్కడే మొదలవుతుంది. రెండేళ్ల ముందు వచ్చిన 'వెర్టిగో'లో మాత్రం టైటిల్స్ కాగానే కనిపించేది ఒక ఇనుప నిచ్చెన మెట్టు, దానిని పట్టుకునే చేయి. ఎక్కడున్నామో తెలిసే లోపే ఇళ్ల కప్పుల మీద పరుగు మొదలైపోతుంది.

మన దగ్గర తీసే చాలా షార్ట్ ఫిల్ములు చార్మినార్ వైడ్ షాట్‌తోనో, కేబుల్ బ్రిడ్జి వైడ్ షాట్‌తోనో మొదలై వెంటనే ఏదో ఫ్లాట్‌లోకి కట్ అవుతాయి. ఆ వైడ్ షాట్ ఊరి పేరు చెబుతుంది తప్ప ప్రమాదం ఎక్కడుందో చెప్పదు. అదే ఫ్లాట్ ఉన్న అపార్ట్‌మెంట్‌ను ఎదుటి మేడ నుంచి తీస్తే, అన్ని అంతస్తుల్లో దీపాలు వెలుగుతూ ఒక్క వాటా మాత్రం చీకటిగా ఉంటే, అది స్థలమూ అవుతుంది, ప్రశ్నా అవుతుంది.

హంతకుడి కళ్లతో చూపించే షాట్ పాతబడిపోయిందా?

వాడుక ఎక్కువైంది గానీ బలం తగ్గలేదు, కారణం ఉంటేనే సుమా. జాన్ కార్పెంటర్ 1978లో తీసిన 'హాలోవీన్' ఓపెనింగ్ ఒకే షాటులా కనిపిస్తూ నాలుగు నిమిషాల పాటు హంతకుడి చూపుతోనే నడుస్తుంది. అతడు ముసుగు తొడుక్కున్నాక తెర కూడా రెండు కంటి రంధ్రాలకు కుదించుకుపోతుంది. చివరికి ముసుగు లాగినప్పుడు అక్కడ నిలబడి ఉన్నది ఆరేళ్ల పిల్లవాడు. ముఖాన్ని దాచడానికి, చివరలో బయటపెట్టడానికి ఆ దృష్టికోణం తప్ప వేరే దారి లేదు కనుకనే అక్కడ అది సరిపోయింది.

స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1975లో తీసిన 'జాస్' తొలి సన్నివేశంలో రాత్రి ఈదుతున్న యువతి కాళ్లను నీటి అడుగు నుంచి చూస్తాము; సొరచేప ఒక్క ఫ్రేమ్‌లో కూడా కనిపించదు. ఆ షాట్ తరువాత కెమెరా నీటి మట్టానికి వచ్చి ఆమె ముఖం మీద నిలిచినప్పుడు, కింద ఏముందో మనకు తెలుసు, ఆమెకు తెలియదు. మీ షాట్ హంతకుడి చూపు కావచ్చు, పొదల మాటు నుంచి కావచ్చు. దాని వెంటనే వచ్చే బాధితుడి షాట్‌ను అంత శ్రద్ధగా అనుకోకపోతే మొదటిది వట్టి అలంకారంగా మిగిలిపోతుంది.

సింగిల్ షాట్‌లో ఓపెనింగ్ తీస్తే గొప్పగా ఉంటుందా?

కట్ లేకపోవడం ప్రేక్షకుడికి ఒక పని చేసిపెడుతుంది: కాలాన్ని కుదించే వీలు లేదని నమ్మిస్తుంది. మూడు నిమిషాల్లో పేలాల్సినది నిజంగా మూడు నిమిషాల తరువాతే పేలుతుందన్నప్పుడు ప్రతి సెకనుకూ బరువు వస్తుంది. కథలో అలాంటి గడువు ఉంటే సింగిల్ షాట్‌కు అర్థం ఉంది. గడువు లేని చోట అది కెమెరా బృందం సామర్థ్య ప్రదర్శన అవుతుంది, ప్రేక్షకుడు కథను వదిలి కెమెరాను చూడటం మొదలుపెడతాడు.

ఇబ్బంది ఎడిటింగ్‌లో తెలుస్తుంది. నడక పది సెకన్లు ఎక్కువైందనిపిస్తే తీసేయడానికి దారి ఉండదు. అందువల్ల అదే దృశ్యానికి సంబంధించిన చేతుల క్లోజప్, గడియారం, తలుపు గొళ్లెం వంటి రెండు మూడు విడి షాట్లను అదే వెలుగులో తీసి దాచుకోవడం మంచిది. వాడకపోయినా నష్టం లేదు. రిహార్సల్స్‌ను మాత్రం ఫోన్ కెమెరాతో రికార్డు చేసి అక్కడికక్కడే చూసుకోవాలి; ఏ మూల దగ్గర ఆసక్తి జారిపోతుందో ఆ వీడియోలోనే కనిపిస్తుంది.

కెమెరా కదలాలా, కదలకుండా ఉండాలా?

ఎవరి కారణంగా కదులుతోందో ముందుగా తేల్చుకోవాలి. పాత్ర నడిస్తే కెమెరా కదలడం సహజం, దానిని ఎవరూ గమనించరు. పాత్ర ఆగిపోయి కెమెరా ఇంకా కదులుతూనే ఉంటే ఇంకెవరో ఉన్నారని ప్రేక్షకుడి వెన్నుకు తెలుస్తుంది. పాత్ర కదులుతుంటే కెమెరా ఆగిపోవడం దీనికి తోబుట్టువు: మనిషి వరండా చివరకు వెళ్లి మలుపు తిరుగుతాడు, కెమెరా మాత్రం ఖాళీ వరండాను చూస్తూ ఉండిపోతుంది. లోపల ఏం జరిగిందో చెవులతోనే తెలుసుకోవాలి. ఖర్చు లేని షాట్లలో ఇంత పనిచేసేది మరొకటి లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నడుస్తూ తీసినా కుదుపు తెలియనివ్వని స్టెడీకామ్ పరికరం పేరు తెలుగులో జనం నోళ్లలో పడింది 1989లో వచ్చిన 'శివ'తో; రామ్‌గోపాల్ వర్మ దర్శకుడు, ఎస్. గోపాల్‌రెడ్డి ఛాయాగ్రాహకుడు. ఇప్పుడు అదే పని చేసే చేతి పరికరం గింబల్ అద్దెకు తేలికగా దొరకడంతో ప్రతి షాట్ జారుతూ పోతోంది. అన్ని షాట్లూ కదిలితే కదలికకు విలువ పోతుంది. ఓపెనింగ్‌లో ఒకటి రెండు కదలికలకే పరిమితమై మిగతావి ట్రైపాడ్ మీద తీసి చూడండి.

కెమెరాను పక్కకు వంచితే భయం వస్తుందా?

రాదు, అసౌకర్యం వస్తుంది. 1949 నాటి 'ది థర్డ్ మ్యాన్'లో యుద్ధానంతర వియన్నా నగరపు అపనమ్మకాన్ని చెప్పడానికి వంపు కోణాలను పదే పదే వాడారు. అక్కడ ఊరే సరిగ్గా లేదు కనుక కుదిరింది. ఓపెనింగ్‌లో ఒక్కసారి, అది కూడా పాత్ర నమ్మకం చెదిరిన క్షణంలో వాడితే చాలు.

ఏ లెన్స్ వాడాలి?

లెన్స్ కంటే ముందు కెమెరాకు, మనిషికి మధ్య దూరాన్ని నిర్ణయించుకోవాలి, ఎందుకంటే దృశ్యంలోని లోతును నిర్ణయించేది ఆ దూరమే. 24 ఎంఎం లెన్స్ పెట్టి దగ్గరకు వెళితే ముఖం ముందుకు పొడుచుకు వస్తుంది, వెనుక ఉన్న తలుపు దూరంగా చిన్నదిగా కనిపిస్తుంది. పాత్ర తప్పించుకోవాల్సిన దారి పొడవుగా అనిపించాలంటే ఇది మంచిది. 85 లేదా 135 ఎంఎం పెట్టి దూరం జరిగితే వెనుక నుంచి వస్తున్న మనిషి మెడ మీదే ఉన్నట్టు అనిపిస్తాడు, పైగా ఎంత నడిచినా దగ్గరపడినట్టు కనిపించడు. సుల్తాన్ బజార్ వంటి రద్దీలో వెంబడించే దృశ్యానికి లాంగ్ లెన్స్ మరో విధంగానూ సాయం చేస్తుంది: కెమెరా దూరంగా ఉండటం వల్ల జనం లెన్స్‌లోకి చూడరు, ముందు నుంచి అడ్డుపోయే భుజాలు, బండ్లు ఎవరో చాటుగా చూస్తున్న భావాన్ని వాటంతట అవే కలిగిస్తాయి.

వెనుక భాగం సాగిపోయినట్టు కనిపించే డాలీ జూమ్‌ను ఓపెనింగ్‌లో వాడవచ్చా?

వాడవచ్చు. 1958లో 'వెర్టిగో' దానిని తొలి సన్నివేశంలోనే, కథానాయకుడు పైకప్పు అంచు పట్టుకుని వేలాడుతూ కిందికి చూసినప్పుడు వాడింది. ట్రాలీ ఒకవైపు, జూమ్ దానికి ఎదురువైపు వెళ్లడం ఇందులోని కిటుకు. ఒక సినిమాలో ఒకసారి కంటే ఎక్కువ వాడాలంటే పాత్రకు ఎత్తు నుంచి చూస్తే కళ్లు తిరిగే రోగమే ఉండాలి.

మనిషిని ఫ్రేమ్‌లో ఎక్కడ నిలబెడితే ఉద్రిక్తత వస్తుంది?

మనిషి చూస్తున్న వైపు ఖాళీ వదలడం మామూలు పద్ధతి. దానిని తిప్పి వెనుకవైపు ఖాళీ వదిలితే ప్రేక్షకుడి కన్ను ఆ ఖాళీలోకి పోయి అక్కడ ఎవరో వస్తారని ఎదురుచూస్తుంది. ఎవరూ రాకపోయినా ఎదురుచూపు మిగులుతుంది. తెరిచి ఉన్న తలుపు, లిఫ్ట్ అద్దం, సెల్లార్ పార్కింగ్‌లో స్తంభాల మధ్య చీకటి ఆ ఖాళీలో పడేలా చూసుకోండి. ముఖ్యంగా సెల్లార్లు: వరుస స్తంభాలు, సగం వెలగని ట్యూబ్‌లైట్లు, మోటారు మోత అన్నీ అక్కడ సిద్ధంగా ఉంటాయి.

## షూటింగ్ రోజున

రాత్రి సీన్ ఎంత చీకటిగా ఉండాలి?

ఫ్రేమ్ చీకటిగా ఉండవచ్చు, అందులో కనిపించాల్సిన ఒక్క వస్తువు మాత్రం స్పష్టంగా ఉండాలి. ఏమీ కనిపించకపోతే ప్రేక్షకుడు భయపడడు, విసుక్కుంటాడు. మానిటర్ దగ్గర బాగున్న చీకటి, ప్రొజెక్టర్ వెలుగు తగ్గిన థియేటర్‌లోనూ, పట్టపగలు బస్సులో చూసే ఫోన్‌లోనూ బురదగా మారుతుంది. పూర్తి చీకటికి బదులు సూర్యాస్తమయం తరువాతి నీలి వెలుగులో వైడ్ షాట్లు తీయడం మేలు. హైదరాబాద్‌లో ఆ వెలుగు 20, 25 నిమిషాల కంటే నిలవదు. డిసెంబరులో పొద్దు దాదాపు 5:40కే గూకుతుంది, జూన్ చివరలో 6:50 దాటుతుంది. కాల్షీట్ వేసేముందు ఈ తేడా చూసుకోవాలి.

వీధిలైట్ల కింద తీస్తే వీడియో మిణుకుమంటోంది, ఏం చేయాలి?

మన కరెంటు 50 హెర్ట్జ్. 24 ఫ్రేముల వేగంలో 180 డిగ్రీల షట్టర్ పెడితే ఒక్కో ఫ్రేమ్ సెకనులో 48వ వంతు సేపు వెలుగు తీసుకుంటుంది, అది దీపాల లయతో కుదరదు. షట్టర్‌ను 172.8 డిగ్రీలకు, అంటే సెకనులో 50వ వంతుకు మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది. చవకరకం ఎల్ఈడీలు అప్పటికీ మిణకవచ్చు, కాబట్టి లొకేషన్ చూడటానికి వెళ్లిన రాత్రే ఒక టెస్ట్ షాట్ తీసుకోవాలి.

డ్రోన్ షాట్‌తో మొదలుపెట్టవచ్చా?

1980లో వచ్చిన 'ది షైనింగ్' హెలికాప్టర్ నుంచి కొండదారిలో ఒక చిన్న కారును వెంబడిస్తూ మొదలవుతుంది. కారు ఒంటరిది, దారి పొడవైనది, పైనుంచి చూస్తున్నది ఎవరో తెలియదు. ఈ మూడింటి వల్ల అది భయపెడుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద వందల వాహనాలను చూపించే డ్రోన్ షాట్‌లో ఆ ఒంటరితనం ఉండదు. మీకు నిజంగా అవసరమైతే, ఎగరేసే ముందు పౌర విమానయాన శాఖ వారి డిజిటల్ స్కై పోర్టల్‌లోని మ్యాప్ చూడండి. బేగంపేట, శంషాబాద్ విమానాశ్రయాలు, హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలు నగరం చుట్టూ ఉన్నందున అనుమతి లేకుండా ఎగరేయకూడని ప్రాంతం ఇక్కడ చాలా ఉంది.

వీధిలో బొమ్మ తుపాకీతో తీయవచ్చా?

స్థానిక పోలీసులకు ముందుగా చెప్పి, అనుమతి పత్రం జేబులో పెట్టుకుని మాత్రమే తీయాలి. రైల్వే, మెట్రో ఆవరణలకు వాటి యాజమాన్యాల అనుమతి విడిగా కావాలి.

## ఎడిటింగ్ టేబుల్ మీద

ఒక్కో షాట్‌ను ఎంతసేపు ఉంచాలి?

ప్రేక్షకుడు షాట్‌లోని సమాచారాన్ని చదివేశాక ఇంకొంత సేపు ఉంచడంలో ఉత్కంఠ ఉంది. మూసిన తలుపును చూపించారనుకుందాం. అది తలుపని తెలియడానికి ఒక సెకను చాలు. రెండో సెకనులో 'ఎందుకు చూపిస్తున్నారు' అన్న ప్రశ్న పుడుతుంది, నాలుగో సెకనుకు గొళ్లెం కదులుతుందేమోనని చూపు అక్కడికి పోతుంది. ఎనిమిదో సెకను దాటితే చాలామందికి ఎడిటర్ నిద్రపోయాడన్న అనుమానం వస్తుంది. ఈ అంకెలు సూత్రాలు కావు. ముందు వచ్చిన షాట్ల వేగాన్ని బట్టి మారతాయి. వేగం పెంచితే ఉత్కంఠ పెరుగుతుందన్న నమ్మకం యాక్షన్ ట్రైలర్ల నుంచి వచ్చింది. చిన్న చిన్న కట్లు ఘటన జరిగేటప్పటి అలజడికి సరిపోతాయి, జరగబోయే ముందు ఎదురుచూపుకు అవి శత్రువులు.

ఓపెనింగ్ షాట్ మీదే టైటిల్స్ వేయవచ్చా?

చదవాల్సిన అక్షరాలు, చూడాల్సిన వివరాలు ఒకేసారి తెర మీద ఉంటే అక్షరాలే గెలుస్తాయి. 'టచ్ ఆఫ్ ఈవిల్' 1958లో విడుదలైనప్పుడు స్టూడియో ఆ ప్రసిద్ధ తొలి షాట్ మీద టైటిల్స్, నేపథ్య సంగీతం వేసింది. వెల్స్ రాసిన 58 పుటల లేఖ ఆధారంగా ఎడిటర్ వాల్టర్ మర్చ్ 1998లో కొత్త కూర్పు చేసినప్పుడు టైటిల్స్ తీసేసి, ఆ సంగీతానికి బదులు వీధిలోని క్లబ్బుల నుంచి, కారు రేడియో నుంచి వచ్చే పాటలను ఉంచారు. రెండు కూర్పులనూ పక్కపక్కన చూస్తే, కారు ఎక్కడుందో వెతికే పని రెండోదానిలో ఎంత సులువైందో అర్థమవుతుంది. పేర్లు తప్పనిసరిగా వేయాలంటే సమాచారం లేని షాట్ల మీద వేయండి.

మొదటి సీన్లో పాత్ర సిగరెట్ కాలిస్తే ఇబ్బందేమిటి?

పొగాకు కనిపించినంతసేపూ తెర కింది భాగంలో హెచ్చరిక ఉండాలి. సినిమా ఆరంభంలోనూ మధ్యలోనూ కనీసం 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, కనీసం 20 సెకన్ల దృశ్య శ్రవణ హెచ్చరిక కూడా తప్పనిసరి. 2023 సెప్టెంబరు 1 నుంచి ఓటీటీలకూ ఈ నిబంధనలు వర్తిస్తున్నాయి. చీకటి ఫ్రేమ్‌లో నిప్పు ఎర్రగా వెలిగే షాట్ రాసుకునేటప్పుడు బాగుంటుంది. తెర మీద ప్రేక్షకుడి కన్ను ముందుగా పోయేది ఆ హెచ్చరిక అక్షరాల మీదికే. అగ్గిపుల్లతోనో, ఫోన్ వెలుగుతోనో అదే ముఖాన్ని చూపించవచ్చు.

ఆర్.ఆర్. (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) లేకుండా చూస్తే సీన్ చప్పగా ఉంది, సంగీతం సరిచేస్తుందా?

సంగీతం ఉన్న ఉత్కంఠను పెంచుతుంది, లేనిదానిని సృష్టిస్తే అది మోసమని ప్రేక్షకుడికి రెండోసారికి తెలిసిపోతుంది. మొదటి కూర్పును సంగీతం లేకుండా, లొకేషన్ శబ్దంతోనే చూడండి. అక్కడ చప్పగా ఉంటే ప్రేక్షకుడికి తెలియాల్సిన ఏదో షాట్ లోపించిందని అర్థం. చాలాసార్లు అది ప్రమాదాన్ని చూపించే షాట్ అయి ఉంటుంది.

థియేటర్‌లో ఆలస్యంగా వచ్చేవారు మొదటి షాట్ మిస్ అయితే ఎలా?

ఆర్టీసీ క్రాస్ రోడ్స్ హాళ్లలోనైనా, మల్టీప్లెక్సుల్లోనైనా మొదటి రెండు నిమిషాల్లో టార్చిలైట్లు, సీట్ల వెతుకులాట ఉండనే ఉంటాయి. కీలకమైన వస్తువును ఒక్కసారే చూపించి వదలకుండా, రెండో నిమిషం తరువాత మరో కోణంలో గుర్తుచేయండి. 'టచ్ ఆఫ్ ఈవిల్'లో కారులోని యువతి తన తలలో ఏదో టిక్‌టిక్‌మంటోందని ఫిర్యాదు చేస్తుంది. బాంబును చూడనివారికి అది సూచన, చూసినవారికి గుబులు.

నా ఓపెనింగ్ పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

కథ తెలియని మనిషికి చూపించి, ఘటన జరగడానికి పది సెకన్ల ముందు ఆపేయండి. బాగుందా అని అడగవద్దు. స్నేహితులు బాగుందనే అంటారు. ఇప్పుడు ఏం జరుగుతుందనుకుంటున్నారు, ఎవరికి జరుగుతుందనుకుంటున్నారు అని అడగండి. ఏమీ తోచలేదంటే సమాచారం తక్కువైంది, ప్రమాదాన్ని చూపే షాట్‌ను ముందుకు తేవాలి. ఒక్కటే జవాబు తడుముకోకుండా వచ్చి, మీరు తీసింది కూడా అదే అయితే సమాచారం ఎక్కువైంది, ఒక షాట్ తీసేయాలి. రెండు అవకాశాలు చెప్పి వాటి మధ్య ఊగిసలాడుతూ, మిగతాది వెయ్యమని అడిగితే ఆ కూర్పును అక్కడికి లాక్ చేసి సౌండ్ పనికి పంపవచ్చు.